కల్తీకల్లు మాన్పించుట - సూదిచికిత్స

మా శ్రీరంగాపురమునందును, చుట్టుపట్ల పల్లెలయందును తల్లులు, ఇల్లాండ్రు నన్ను తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. “కల్తీకల్లువలన మతి చెడినవానికి చెవిలో సూదులు గ్రుచ్చిన మెదడు బాగుపడునట, నిజమేనా?” అని. నగలు కుదువబెట్టి యైనను ఆ చికిత్స చేయింపదలచువా రున్నారు గనుక, దీనిని విచారింపవలసియున్నది.

మన పాలమూరు సీమయందు ఈతచెట్లు విస్తారము. చెట్టునుండి దింపిన కల్లు వేఱు, కల్తీకల్లు వేఱు. ఈ రెండవదానిలో క్లోరల్ హైడ్రేటు, డయజిపాము, అల్ప్రజోలాము అను మందులు కలుపుదురు. ఇవి నిద్రపుచ్చునట్టివి. నిత్యము త్రాగువాని మెదడు వీనికి అలవాటుపడును. అవి హఠాత్తుగా తప్పినచో, అంతవఱకు అణగియున్న నరముల ఉద్రేకము గండిపడిన చెఱువువలె పొంగును.

2015వ సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము కల్తీని అరికట్టగా, మహబూబునగరు, నిజామాబాదు జిల్లాలలో పలువురు నిద్రలేక, వణకుచు, లేనివారితో మాటలాడుచు, మూర్ఛలతో ఆసుపత్రుల పాలైరి. హైదరాబాదులోని ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాలకును అనేకులు పోయిరి. వారిలో స్త్రీలును ఉండిరి. కావున మాన్పించుట మంచిదే యైనను, గదిలో బంధించి ఒక్క దినమున మాన్పించుట ప్రాణాపాయకరము.

ఇక సూదుల మాట. ఇది చీనాదేశపు ప్రాచీన వైద్యము. 1972 ప్రాంతమున హాంగుకాంగులో వెన్ అను శస్త్రవైద్యుడు సూదులగుండ స్వల్పముగా విద్యుత్తు పంపుచుండగా, నల్లమందు మరగినవారికి దానిని మానినప్పటి బాధ తగ్గుట గమనించెను. పిమ్మట న్యూయార్కులోని లింకను ఆసుపత్రిలో చెవియందు ఐదు తావుల సూదులుంచు పద్ధతి ఏర్పడెను. అయితే అమెరికాలో కొకేను మరగిన 620 మందిని పరీక్షించి 2002లో ప్రకటించిన ఫలితములలో, నిజమైన తావులందు గ్రుచ్చిన సూదులు ఇతర తావులందు గ్రుచ్చినవానికంటె మేలు చేసినట్లు కానరాలేదు. సూదులవలన కొందఱకు మనస్సు కుదుటబడవచ్చును. చెడిన మెదడు దానివలన బాగగుననుటకు మాత్రము తగిన నిదర్శనము లేదు.

మఱి బాగుపడు మార్గము లేదా? కలదు. వైద్యులు తగిన మందును కొలతప్రకార మిచ్చి, దినక్రమమున తగ్గించుచు వత్తురు. చాలకాలము మద్యము త్రాగి, సరిగా భుజింపనివానికి బి1 అను విటమిను లోపించును. కన్నులు నిలువక కదలుట, నడక తూలుట, మాట తికమకపడుట దీని గుర్తులు. అప్పుడు వెంటనే బి1 సూదిమందు పడవలెను. జాగుచేసిన జ్ఞాపకశక్తి శాశ్వతముగా చెడవచ్చును. సకాలమున చికిత్స జరిగి, త్రాగుడు పూర్తిగా మానినచో మెదడు నెలల కొలది కొంతకొంతగా కోలుకొనును.

ఇల్లాలు చేయదగినది ఇది. ఎన్ని సీసాలు, ఎన్ని యేండ్లుగా త్రాగుచున్నాడో సిగ్గుపడక వైద్యునితో చెప్పవలెను. మూర్ఛ వచ్చినచో చేతిలో తాళపుచెవులు పెట్టరాదు, నోట నేమియు పోయరాదు. ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, 108కి కబురుచేయవలెను. మానసికవ్యాధుల విషయమై ఉచితముగా సలహా చెప్పు ప్రభుత్వపు టెలీమానస్ సంఖ్య 14416.

ఆసుపత్రిచికిత్స జరుగుచుండగా, వైద్యుని యనుమతితో, క్రొత్త సూదులు వాడు నేర్పరియొద్ద సూదిచికిత్స చేయించుకొన్న దోషము లేదు. దానికై ఆసుపత్రిని విడుచుట మాత్రము తగదు. త్రాగుబోతని భర్తను, బిడ్డను నిందించుట సులభము. రోగియని యెఱిగి వేళకు వైద్యునియొద్దకు చేర్చుట కష్టము. ఆ కష్టమునకే మనము పూనుకొనవలసియున్నది.