తూటా కొలతను మార్చిన శాసనములు

ప్రబంధ కవులకు వేట మిక్కిలి ప్రియమైన వర్ణనము. మనుచరిత్రములో స్వరోచి వేటకు వెడలును. కాళహస్తి మాహాత్మ్యములో తిన్నడు తనవారితో అడవులను గాలించును. నీతిశాస్త్రకారులు మాత్రము వేటను రాజుల సప్తవ్యసనములలో చేర్చి హెచ్చరించిరి. ఆ హెచ్చరికను విని విల్లు చేయువాడు విల్లు చేయుట మానలేదు. ఈటెలకు మొనలు తీర్చు కమ్మరి తన కొలిమిని ఆర్పలేదు. నీతివాక్యము వేటగాని మనస్సును తాకియుండవచ్చును గాని అంగడిని తాకలేదు.

తుపాకి వచ్చిన పిదప కథ మారినది. శాసనసభలో ఒక వాక్యము మారినంతనే సముద్రముల కావలి కర్మాగారములో గొట్టపు కొలత మారినది. భారతదేశమున గడచిన నూట యేబది సంవత్సరములలో వేట తుపాకుల వర్తకమునకు జరిగినది ఇదియే.

అంకెలోని మర్మము

సామాన్యముగా తుపాకి అని పిలువబడు వానిలో రెండు జాతులు కలవు. లోపల నున్నని గొట్టము కలిగి, సన్నని గుండ్లను ఒక్కుమ్మడిగా చిమ్మునది ఒకటి. గొట్టములో మెలి తిరిగిన గాడులు కలిగి, ఒకే గుండును గిరగిర త్రిప్పుచు దూరముగా, సూటిగా పంపునది రెండవది. ఇదియే రైఫిల్. దాని గొట్టపు వ్యాసమును ఆంగ్లేయులు అంగుళములో వేయవ వంతులుగా లెక్కించిరి. ఒక కొలత గొట్టములో మరియొక కొలత తూటా ఇమడదు. కావున ప్రభుత్వము ఒక అంకెను నిషేధించినచో ఆ కొలత తుపాకి కొనువాడుండడు. దాని ప్రక్క అంకెకు గిరాకి పుట్టును.

1898లో లండనులోని రిగ్బీ సంస్థ .450 కొలతలో పొగరాని మందుతో ప్రేలు రైఫిల్‌ను వెలువరించినది. ఏనుగును, అడవిదున్నను నిలువరింపగల ఆ ఆయుధమునకు భారతదేశము గొప్ప విపణి. అయితే ఆంగ్ల సైనికులు పూర్వము వాడిన మార్టినీ-హెన్రీ తుపాకి గొట్టము కూడ .450 కొలతదే. అట్టి తుపాకులు తిరుగుబాటుదారుల చేతులలో చాల ఉండెను. వేటగాండ్ర తూటాలు వారికి చిక్కునేమో యని ప్రభుత్వము భయపడినది. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములో .450 కొలత తుపాకులు భారతదేశములోనికి, సూడానులోనికి రాకుండ నిషేధించినది.

ఆంగ్ల వర్తకులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. అనతికాలములోనే .465, .470, .475, .476 అను కొత్త కొలతలు అంగడికి వచ్చినవి. .450 గుండునకును, .470 గుండునకును గల భేదమును అడవిలోని ఏనుగు ఎరుగదు. రేవులోని సుంకపు అధికారి మాత్రమే ఎరుగును. తరువాత ఆ నిషేధము తొలగినది. కాని అప్పటికే .470 వేటగాండ్రకు అలవాటైపోయినది. నేటికిని ఇంగ్లండులో తయారగు జంటగొట్టముల పెద్ద రైఫిళ్లకు అది పేరెన్నికగన్న కొలత. శాసనము పోయినను, అది కన్న బిడ్డ మిగిలినది.

ఇచ్ఛాపూరు రైఫిల్

రెండవ ఉదాహరణము ఇంకను సన్నిహితమైనది. లిట్టన్ ప్రభువు రాజప్రతినిధిగా ఉన్నప్పుడు 1878లో ఆయుధ శాసనము వచ్చెను. ఆయుధము ఉంచుకొనుటకు భారతీయునకు లైసెన్సు కావలెను. ఐరోపావారికి మినహాయింపు ఉండెను. సైన్యపు .303 తూటాను పౌరులు వాడరాదని కట్టడి ఏర్పడగా, అదే పద్ధతి రైఫిల్‌ను .315 కొలతలో చేసి ఇచ్చట అమ్మిరి. ఆ తూటా పుట్టినిల్లు ఆస్ట్రియా దేశము. అచ్చట దానిని ఎనిమిది మిల్లీమీటర్లదని పిలుతురు. ఆ కొలతనే అంగుళములోనికి మార్చినచో.315 అగును.

స్వాతంత్ర్యానంతరము 1959 నాటి ఆయుధ చట్టము, 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చి, పాత శాసనమును తొలగించినను సైనిక కొలతలపై కట్టడిని తొలగించలేదు. కలకత్తా సమీపమున ఇచ్ఛాపూరులోని ప్రభుత్వ కర్మాగారము ఆ .315 రైఫిల్‌నే తయారుచేసి అమ్మినది. (ఈ ఇచ్ఛాపూరు బెంగాలులోనిది, శ్రీకాకుళము జిల్లాలోని ఇచ్ఛాపురము కాదు.) పరాయి ప్రభుత్వపు అనుమానము నుండి పుట్టిన కొలత ఈ విధముగా స్వతంత్ర భారతమున సామాన్య వేటగాని కొలతగా స్థిరపడినది.

మూతపడిన అడవి

1907లో చంపావత్ నరభక్షిణిని సంహరించినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా లభించినది రిగ్బీ వారి .275 రైఫిల్. తిరుపతి ప్రాంతమున మామండూరు, చామల అడవులలో నరభక్షక వ్యాఘ్రములను వెంటాడిన కథలు వ్రాసిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలోనిది అమెరికావారి .405 వించెస్టర్. ఇట్టి కథలు చదివిన యువకులకు ఆ అంకెలు మంత్రాక్షరములవలె వినిపించెడివి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట విదేశీ ధనికులను పులివేటకు తీసికొనివచ్చు షికారు కంపెనీలు వెలసినవి. అటవీ శాఖవారు అడవిని భాగములుగా విభజించి, రుసుము గైకొని, వేటకు అనుమతి ఇచ్చుచుండిరి.

ఈలోగా అడవి ఖాళీ అగుచుండెను. 1947లో కొరియా సంస్థానమున మూడు చీతాలు ఒకే వేటలో నేలకూలినవి. 1952లో ఆ జాతి దేశమున అంతరించినట్లు ప్రకటింపబడినది. 1970లో పులివేట నిషేధింపబడినది. 1972లో పులులను లెక్కింపగా 1,827 తేలినవి. అదే సంవత్సరమున వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. కొన్ని జంతువులను లైసెన్సుతో వేటాడుటకు ఆ చట్టము మిగిల్చిన సందును 1991 నాటి సవరణ మూసివేసినది.

అంగడిపై దీని ప్రభావము మునుపటి కట్టడులవంటిది కాదు. .450ను నిషేధించినప్పుడు కొనుగోలుదారుడు .470కు మారెను. ఇప్పుడు అతడు మారుటకు ప్రక్క అంకె లేదు. నిషిద్ధమైనది కొలత కాదు, వేటయే. షికారు కంపెనీలు మూతపడినవి. 1980 దశకపు నడుమ నుండి సామాన్య లైసెన్సుదారులు విదేశీ తుపాకులను దిగుమతి చేసికొనుట కూడ ఆగినది. అప్పుడొక వింత జరిగినది. వేటకు పనికిరాని పాత విదేశీ రైఫిళ్ల ధర తగ్గవలసినది పోయి పెరిగినది. కొత్తవి రావు, ఉన్నవి అరిగిపోవును, కోరువారు మాత్రము ఉందురు. వాడుక పోయిన వస్తువునకు అరుదుదనము వెలయైనది. .315 రైఫిల్ కొనువాడు కూడ మారెను. పూర్వము అతడు అడవిని తలచుకొని కొనెను. తరువాత ఇంటి కాపలాకును, కొన్ని ప్రాంతములలో హోదాకును కొనెను.

2019 నాటి సవరణము ఒక్కొక్కరు ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్యను మూడింటి నుండి రెండింటికి తగ్గించినది. తాతల నాటి మూడు తుపాకులు గల ఇంటివారు ఏదో ఒకదానిని వదలుకొనవలసి వచ్చెను.

చేను ఎవరు కాచును?

ఇంతటితో ప్రశ్న తీరలేదు. అడవి అంచున వేరుశనగ, మొక్కజొన్న పండించు రైతునకు అడవిపంది బెడద నిత్యమైనది. పంటను పాడుచేయు కొన్ని జంతువుల విషయమున ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారియో, ఆయన అధికారమిచ్చిన వారో లిఖితపూర్వకమైన ఉత్తరువు ఇచ్చి చంపుటకు అనుమతింపవచ్చునని చట్టము చెప్పుచున్నది. పంట కాపాడుకొనుటకు మూతిలో మందు దట్టించి కాల్చు నాటు తుపాకికి లైసెన్సు ఇచ్చుటకు ఆయుధ చట్టమున ఒక ప్రత్యేకమైన దారియు కలదు. కాని ఉత్తరువు కాగితముపై నడచును. పంది రాత్రిపూట నడచును. విసిగిన రైతు ఉచ్చు పన్నును, లేదా కంచెకు విద్యుత్తు తీగ తగిలించును. ఆ తీగ పందిని, పులిని, పొలమునకు నీరు కట్ట వచ్చిన పొరుగువానిని వేరుగా చూడదు. తుపాకిపై కట్టడి గట్టిది. తీగపై కట్టడిని అమలు జరుపుట కష్టము. శాసనము ఒక అంగడిని మూసినప్పుడు, ఆ అంగడికి ప్రజలను పంపిన అవసరము ఎచ్చటికి పోవునో కూడ విచారింపవలయును.

2022 అంచనా ప్రకారము దేశమున పులుల సంఖ్య సగటున 3,682. 1972లో పాదముద్రలను బట్టి లెక్కించిరి. నేడు కెమెరాలతో లెక్కించుచున్నారు. కావున రెండు అంకెలను సరితూచుట న్యాయము కాదు. అయినను అంతరించునని భయపడిన జాతి నిలిచినదనుట సత్యము. నల్లమలలో నేటికిని పులి తిరుగుచున్నది. చీతాకు ఆ భాగ్యము లేదు. 2022లో నమీబియా నుండి కూనో అడవులకు వేరు చీతాలను తీసికొనిరావలసి వచ్చెను.

గుండు గొట్టము విడిచిన పిమ్మట వెనుకకు రాదు. శాసనమును మాత్రము మార్చవచ్చును, సవరింపవచ్చును, అవసరమైనచో తొలగింపవచ్చును. కొరియా అడవిలో మూడు చీతాలు కూలిన నాటికే అది వచ్చియున్నచో, ఆ రాత్రి కొన్ని తూటాలు పెట్టెలోనే మిగిలియుండెడివి.