ఎందుకని అడగని మనిషి

నర్సాపురం నుంచి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి వచ్చేవాళ్లు వశిష్ఠ గోదావరిని పంటు మీద దాటి సఖినేటిపల్లి రేవులో దిగుతారు. పంటు అవతలి ఒడ్డున ఉందంటే ఇక నీళ్లకేసి చూస్తూ కూర్చోవడమే. ఆ కాస్తసేపూ చేతికో పుస్తకం అందితే ఎంత బాగుణ్ణు!

కృష్ణా డెల్టాలో ఆ ముచ్చట ఎప్పుడో తీరింది. పాతూరి నాగభూషణం 1935లో పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువ మీద ఏకంగా పడవలోనే గ్రంథాలయం నడిపించారు. అంతకు నాలుగేళ్ల ముందే, 1931లో, మద్రాసులో ఎస్.ఆర్. రంగనాథన్ గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాశారు. పుస్తకాలున్నది వాడుకోవడానికేనన్నది మొదటిది. ప్రతి పుస్తకానికీ ఓ పాఠకుడుంటాడన్నది మూడోది. ఆ పాఠకుణ్ణి వెతుక్కుంటూ పుస్తకమే బయల్దేరితే ఎలా ఉంటుందో కాలువలో పడవ చూపించింది.

మన గోదావరి గడ్డ కూడా తక్కువదేం కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టడానికి మూలపురుషుడైన అయ్యంకి వెంకటరమణయ్యది కొంకుదురు.

ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్న సంగతి మనలో చాలామందికి తెలియదు. కనుక లైబ్రేరియన్ పుస్తకమిస్తే అది దయ కాదు. కులం, పార్టీ, చదువు చూడకుండా అందరికీ ఒకేలా ఇవ్వాలి. తనకు గిట్టని రచయితనూ బీరువాలో ఉంచాలి. ఇవి కొంచెం మనసు పెడితే అయ్యే పనులే.

నా దృష్టిలో అసలు కష్టం నోరు కట్టుకోవడం. పాఠకుడు ఏం చదివాడో మూడో మనిషికి తెలియకూడదని 2012లో అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య తన నీతి నియమావళిలో రాసుకుంది. పట్నంలో సరే. ఊరందరూ వరసలు కలుపుకుని పిలుచుకునే చోట? ఓ ఇల్లాలు విడాకుల చట్టం పుస్తకం అడిగిందనుకోండి. ఎందుకమ్మా అనకుండా తీసివ్వాలి, రిజిస్టర్లో రాసుకుని మూసెయ్యాలి. సాయంత్రం పేపరు చదవడానికొచ్చిన పెద్దాయన, "ఆ అమ్మాయి ఏం పట్టుకెళ్లిందేంటి?" అని ఆరా తీస్తాడు.

"ఆయ్, పుస్తకమండీ."