అడిగి తెచ్చుకునే మొక్క

ఇక్కడ బ్రిటన్‌లో నాకు తెలిసిన అలాట్‌మెంట్లలో, అంటే ఇంటికి కూరగాయలు పండించుకునే అద్దె తోట ప్లాట్లలో, రూబార్బ్‌ను కొని నాటినవాళ్లు బహు తక్కువ. ఎవరి ప్లాటులో ఉన్నది చూసినా ఎవరో ఒకరు ఇచ్చిందే. పక్క ప్లాటు పెద్దాయనో, ఊరు మారుతూ తోట వదులుకున్న దంపతులో పారతో తవ్వి, సంచిలో వేసి చేతికిచ్చి ఉంటారు. దుకాణాల్లో దొరకక కాదు, ఈ మొక్క తీరే అంత. వెయిటింగ్ లిస్టులో ఏళ్లు ఎదురుచూసి ప్లాటు సంపాదించుకున్న మన తెలుగువాళ్లకు మెంతికూర, గోంగూర, సొరపాదుల సంగతి నేను చెప్పక్కర్లేదు. ఈ నేలకు అలవాటుపడిన ఈ మొక్క గురించి మాత్రం చెప్పాలనిపించింది.

రూబార్బ్ మన చుక్కకూర కుటుంబానిదే. పులుపూ ఆ జాతిదే. కాకపోతే ఇక్కడ తినేది ఆకు కాదు, మోచేతి పొడవున పెరిగే ఎర్రటి కాడ. చలికాలం వచ్చేసరికి పైనున్నదంతా ఎండి నేలకు పడిపోతుంది. మట్టిలో ఉండిపోయే లావుపాటి మొదలును క్రౌన్ అంటారు. దాని కళ్లలోంచే చలి తగ్గుముఖం పట్టగానే కొత్త చిగుళ్లు లేస్తాయి. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కాస్తుంది. అయితే ఐదారేళ్లు గడిచాక క్రౌన్ ఒత్తుగా పెరిగిపోతుంది, నడిమి భాగం ముదిరి డస్సిపోతుంది, కాడలు సన్నబడతాయి. అప్పుడు తవ్వి విడదీస్తేనే మొక్కకు మళ్లీ బలం వస్తుంది. విడదీశాక మీకు కావలసింది ఒకటో రెండో ముక్కలు. మిగిలినవి ఎవరికైనా ఇవ్వాల్సిందే. ఇందులో ఇచ్చేవాళ్లకూ మేలే జరుగుతుంది కాబట్టి, అడగడానికి మొహమాటపడే మనవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే: నిస్సంకోచంగా అడగండి.

విత్తనంతో ఎందుకు పెంచరని కొందరు అడుగుతుంటారు. విత్తనం నుంచి వచ్చిన మొక్కలో తల్లి గుణాలు ఉంటాయన్న భరోసా లేదు. కాడ రంగు, పులుపు, కాపు కాలం అన్నీ మారిపోవచ్చు. క్రౌన్ ముక్క అలా కాదు, అది అచ్చంగా ఆ మొక్కే. లండన్ డెట్‌ఫర్డ్‌లో జోసెఫ్ మయాట్ అనే తోటమాలి, విక్టోరియా రాణి గద్దెనెక్కిన 1837 ప్రాంతంలో, ఆమె పేరుతోనే ఒక రకాన్ని అమ్మకానికి పెట్టాడు. ఆ విక్టోరియా నేటికీ తోటల్లో ఉంది. ముక్కగా ఒకరి నుంచి ఒకరికి అందుతూ వచ్చిన విక్టోరియా మీ ప్లాటులో ఉంటే, అది ఆనాటి మొక్కలో భాగమే అన్నమాట. ఎవరెవరు తవ్వి ఇస్తే అది మన దాకా వచ్చిందో తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. మాంచెస్టర్ దగ్గరి ఊరి పేరు పెట్టుకున్న టింపర్లీ ఎర్లీ మరో మంచి రకం, చాలా ముందుగానే కాడలిస్తుంది.

ఇక పని. ఆకులు రాలిన నవంబరు నుంచి మార్చి మొదటి దాకా, నేల గడ్డకట్టని, నీళ్లు నిలవని రోజు చూసుకోవాలి. మొక్కకు కాస్త ఎడంగా చుట్టూ పార దించి, వేళ్లు వీలైనంత తెగకుండా క్రౌన్‌ను పైకి తీయాలి. పాత క్రౌన్ చాలా బరువు, ఇద్దరుంటే మేలు. మట్టి దులిపితే కళ్లు కనిపిస్తాయి. కంద దుంపను విత్తనానికి కోసేటప్పుడు లాగే, ప్రతి ముక్కకూ ఒక్క మంచి కన్నయినా, దాని కింద బలమైన వేరూ ఉండేలా పారతో నిలువునా చీల్చాలి. ఎండ తగిలే చోట బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, ముక్కకూ ముక్కకూ దాదాపు 90 సెంటీమీటర్ల ఎడం ఇచ్చి, కన్ను నేల మట్టానికి వచ్చేలా నాటాలి. తడి నేలల్లో అయితే కన్ను కొంచెం పైకే ఉండనివ్వండి, లోతుగా పూడిస్తే కుళ్లిపోతుంది.

ఇచ్చేవాళ్లకు ఒక మర్యాద ఉంది. అంచుల్లోని లేత ముక్కలే పంచాలి, డస్సిన నడిమి భాగం ఎవరికీ అంటగట్టకూడదు. క్రౌన్ లోపల గోధుమరంగుకు తిరిగి మెత్తబడి ఉంటే అది కుళ్లు తెగులు. దాన్ని ఇస్తే ఇచ్చినవాళ్ల తెగులే అవతలి తోటకు పాకుతుంది. తీసుకున్నవాళ్లకు కావలసింది ఓపిక. మొదటి ఏడాది ఒక్క కాడ కూడా లాగవద్దు. రెండో ఏడాది కొద్దిగా, మూడో ఏడాది నుంచి తృప్తిగా తీసుకోవచ్చు. కాడను కత్తితో కోయరు, మొదట్లో పట్టుకుని మెలితిప్పి లాగుతారు. ఎప్పుడూ సగం కాడలు మొక్కకు వదిలి, జూన్ దాటాక పూర్తిగా ఆపేయాలి. చలికాలం చివర కుండ బోర్లించి చీకట్లో లేత గులాబీ కాడలు రప్పించే పద్ధతి ఉంది కానీ, కొత్తగా విడదీసిన మొక్క మీద మాత్రం ఆ ప్రయోగం వద్దు. యార్క్‌షైర్‌లో వేక్‌ఫీల్డ్, మోర్లీ, రాత్‌వెల్ మధ్య రైతులు చీకటి షెడ్లలో కొవ్వొత్తి వెలుతురున ఇలాంటి కాడలే తీస్తారు. 2010లో యూరోపియన్ యూనియన్ వాటికి రక్షిత గుర్తింపు ఇచ్చింది. ఆ షెడ్లలో సత్తువంతా ధారపోసిన క్రౌన్ మళ్లీ పనికిరాదు.

అలాట్‌మెంట్ల వెనుక ఉన్న చట్టం కూడా ఈ పంపకాలకు తగినట్టే ఉంది. 1908 చట్టం గిరాకీ ఉన్నచోట ప్లాట్లు ఏర్పాటు చేసే బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టింది. 1922 చట్టం అలాట్‌మెంట్ తోటను ప్రధానంగా ఇంటి అవసరానికి పండించుకునే చోటుగా నిర్వచించింది. వ్యాపారం కోసం కాని నేలలో మిగులు పక్కవాళ్లకు చేరడం సహజమే.

మన ఇళ్లకు ముఖ్యమైన మాట ఒకటి. రూబార్బ్ ఆకు విషం. పెద్దగా, పచ్చగా, నవనవలాడుతూ ఉంటుంది, ఆకుకూరలు తిని పెరిగిన మన చేయి అటు పోతుంది. దయచేసి వండవద్దు, పిల్లలకూ పెద్దలకూ ముందే చెప్పి ఉంచండి. ఆకులను కంపోస్టులో వేసుకోవచ్చు. కాడలోనూ ఆక్సాలిక్ ఆమ్లం కొంత ఉంటుంది కనుక మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవాళ్లు వైద్యులను అడిగి తినడం మంచిది. మిగతావాళ్లు కాడలను ముక్కలు కోసి కందిపప్పులో చింతపండు బదులు వేసి చూడండి. ఎండుమిర్చి, వెల్లుల్లి పోపుతో పచ్చడి అయితే ఇంకా బాగుంటుంది. ఇంగ్లీషువాళ్లకు రూబార్బ్‌తో చేసే క్రంబుల్ అనే తీపి వంటకం ఎంత ఇష్టమో, మా ఇంట్లో ఈ పచ్చడి అంత ఇష్టం.

మా ప్లాటులోని క్రౌన్లను ఈ చలికాలం విడదీయాలి. కావలసిన సంఘ సభ్యులు నవంబరులో రండి. గట్టి సంచి, ఉంటే ఒక పార తెచ్చుకోండి. రకం పేరు, నాటిన సంవత్సరం రాసుకోవడానికి ఒక చీటీ కూడా ఉంచుకోండి. ఐదారేళ్ల తర్వాత మీ దగ్గరికి వచ్చి అడిగేవాళ్లకు ఆ పేరు చెప్పాల్సింది మీరే.