వెనకున్నవారే లీడరు!

ఆదివారం పూట పదిహేను మంది కలిసి కొండెక్కడమంటే ఎంత సరదా! ఆ సరదా సాయంత్రం దాకా నిలవాలంటే మాత్రం ఏర్పాట్లు మూడు వారాల ముందే మొదలవ్వాలి.

'రాచకొండే కదా! పొద్దున పోయి మధ్యాహ్నానికి వచ్చేస్తాం. దానికింత హంగామా దేనికి?' నకిరేకల్‌లో నలుగురు స్నేహితులు కలిసి ఒకరోజు నడకకు ప్రోగ్రాం వేసుకుంటే ఎవరో ఒకరు అనే మాటే ఇది. నిజమే, ఎవరెస్టు ముందు రాచకొండ ఎంత? కానీ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ శిక్షణ మొదలైంది మన భువనగిరి గుట్ట మీదే. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. తాళ్లు కట్టుకుని ఎక్కేవాళ్లకైనా, టిఫిన్ బాక్సు పట్టుకుని నడిచేవాళ్లకైనా సూత్రం ఒక్కటే... ముందు తయారవ్వాలి, తర్వాతే బయల్దేరాలి.

జట్టుగా అడవిబాట పట్టి తిరగడాన్ని ఆస్ట్రేలియాలో 'బుష్‌వాకింగ్' అంటారు. అందుకోసం 1927లోనే సిడ్నీలో ఒక క్లబ్బు పుట్టింది. మనకూ ఇదేం కొత్త కాదు. ఏటా చైత్ర పౌర్ణమికి నల్లమలలో జరిగే సలేశ్వరం జాతర అలాంటి నడకే. రాళ్లదారిలో లోయలోకి దిగుతూ 'వస్తున్నం లింగమయ్యా' అని ఒకరు కేకేస్తే వెనకవాళ్లు అందుకుంటారు. తిరిగి వచ్చేటప్పుడు 'పోయొస్తం లింగమయ్యా' అంటారు. అది భక్తి. దానితోపాటే ముందున్నవాళ్లకు, వెనకున్నవాళ్లకు మధ్య తెగకుండా ఉండే తాడు కూడా. అంత అలవాటైన దారిలోనూ 2023 ఏప్రిల్ జాతరలో భక్తులు ప్రాణాలు కోల్పోయారు. నడకను తేలిగ్గా తీసుకోకూడదనడానికి అంతకన్నా ఏం చెప్పాలి?

ఎన్ని గంటల దారి?

పద్నాలుగో శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులకు రాజధాని రాచకొండ. కోటగోడలు, గుళ్లు, సీతాఫలం పొదలు, నల్లరాతి గుండ్లు... చూడ్డానికి చాలా ఉంది. నకిరేకల్ నుంచి జాతీయ రహదారి మీద చౌటుప్పల్ చేరి, సంస్థాన్ నారాయణపురం వైపు మళ్లితే సరి. అడవిలోకి అడుగుపెట్టే ముందు అటవీశాఖ అనుమతి సంగతి కనుక్కోవాలి. సలేశ్వరం ఉన్న ఆమ్రాబాద్ అడవైతే పులుల అభయారణ్యం. జాతర రోజుల్లో తప్ప ఆ దారిలో కాలినడకన వెళ్లడానికి వీల్లేదు.

తర్వాత టైం లెక్క. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక సులువైన సూత్రం చెప్పాడు. అయిదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి ఆరొందల మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అంటే ఆరు కిలోమీటర్లు నడిచి, రెండొందల మీటర్లు ఎక్కాలంటే గంటన్నర. ఇది ఒంటరిగా, ఆగకుండా, చలిదేశంలో నడిచేవాడి లెక్క. పదిహేను మంది, ఫొటోలు, నీళ్ల కోసం ఆగడం, మన ఎండ... ఇవన్నీ కలిస్తే రెట్టింపు వేసుకున్నా తప్పులేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే హాయి. వానాకాలంలో నాచు పట్టిన బండ జారుతుంది, వేసవిలో అదే బండ పెనమవుతుంది.

మూడు వారాల ముందు...

వారానికి నాలుగు రోజులు, రోజూ ముప్పావుగంట గబగబా నడవండి. ఊరి చెరువుకట్ట చాలు. రెండోవారం నుంచి భుజాన సంచి వేసుకుని, అందులో రెండు లీటర్ల నీళ్లసీసాలు పెట్టుకోండి. మూడోవారం నార్కట్‌పల్లి దగ్గరి చెర్వుగట్టుకు వెళ్లి మెట్లెక్కి దిగండి. అమావాస్యకు భక్తుల రద్దీ ఉంటుంది కాబట్టి వేరే రోజు చూసుకోండి. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాళ్లు... ఎవరి సంగతేమిటో అక్కడే తేలిపోతుంది. బీపీ, షుగరు, ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగి రావాలి. ఆ విషయం జట్టులో ఒక్కరికైనా చెప్పాలి. దాచుకుంటే ప్రమాదం.

కొత్తబూట్లు వద్దు. నెలరోజులు తొడిగి పాదానికి అలవాటైనవే మేలు. అడుగున గాళ్లు అరిగిపోకుండా ఉండాలి. కాలిగోళ్లు ముందురోజే కత్తిరించుకోవాలి. లేకపోతే దిగేటప్పుడు వేళ్లు బూటు ముందుభాగానికి కొట్టుకుని నల్లబడతాయి.

సంచిలో ఏముండాలి?

ముందు నీళ్లు. గంటకు అర లీటరు చొప్పున ఆరుగంటల నడకకు తలా మూడు లీటర్లు. ఫ్లోరైడ్ నీళ్ల బాధ తెలిసిన జిల్లా ఇది. దారిలో బోరో, కొండమీద కోనేరో ఉంటుందిలే అన్న ధీమా వద్దు. ఎవరి నీళ్లు వారే మోసుకోవాలి. ఒకరు లీటరుతో వచ్చారంటే మిగతా రెండు లీటర్లు పక్కవాళ్ల దాహంలోంచి తాగుతున్నట్టే!

నిమ్మకాయలకు నకిరేకల్ మార్కెట్ పెట్టింది పేరు. తలా రెండు కాయలు జేబులో వేసుకోండి. ఓఆర్ఎస్ పొట్లాలు లేకుంటే, లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలగొట్టి కొలిచిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపితే సరిపోతుంది. తిండికి పులిహోర, జొన్నరొట్టె, సర్వపిండి, పల్లీపట్టీ. ఎండకు పాడయ్యే కూరలు వద్దు. టోపీ, టార్చి, విజిల్, గాయానికి కట్టు, రోజూ వేసుకునే మందులు మర్చిపోవద్దు. చెత్త వెనక్కి తేవడానికి ఒక ఖాళీ సంచి కూడా.

చివరివాళ్లకూ విశ్రాంతి

జట్టు నడకలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. హుషారైనవాళ్లు ముందుకెళ్లి చెట్టుకింద కూర్చుంటారు. పది నిమిషాలకు చివరివాళ్లు రొప్పుతూ వస్తారు. 'హమ్మయ్య, వచ్చేశారు, ఇక పదండి!' అని ముందువాళ్లు లేస్తారు. ఫలితం? అవసరం లేనివాళ్లకు పది నిమిషాల విశ్రాంతి, అవసరమైనవాళ్లకు సున్నా. రోజంతా ఇదే వరస. మధ్యాహ్నానికి ఆ చివరివాళ్లు పడిపోతే తప్పెవరిది?

అందుకే విరామాన్ని చివరివాళ్లు కూర్చున్నప్పటి నుంచే లెక్కపెట్టాలి. దారి తెలిసినవారు ముందు, ఓపికున్న అనుభవజ్ఞులు అందరికన్నా వెనక. వీళ్లిద్దరి మధ్యే అందరూ. మెల్లగా నడిచేవాళ్లు ముందున్న వ్యక్తి వెనకే నడిస్తే జట్టు వేగం దానంతటదే కుదురుతుంది. ఇద్దరిద్దరిని జోడీ కట్టండి. దారి చీలిన ప్రతిచోటా ఆగి తలలు లెక్కపెట్టండి. మూడు విజిళ్లు వినిపిస్తే ఎవరో ఆపదలో ఉన్నట్టని ముందే చెప్పుకోండి.

'ఫర్వాలేదు, మీరు నడవండి, నేనొస్తా' అన్నవాళ్లను ఒంటరిగా వదలొద్దు. తల తిరగడం, వాంతి వచ్చేట్టుండటం ఎండదెబ్బకు మొదటి గుర్తులు. మాట తడబడుతూ, తూలుతూ ఉంటే అది వడదెబ్బే అనుకోవాలి. ఒంటివేడి నలభై డిగ్రీలకు చేరితే ప్రాణాల మీదికొస్తుంది. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా తడిపి విసరాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం, నోటితో పీల్చడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లడమే మందు. కొండచరియకు తేనెపట్టు కనిపిస్తే అరుపులు, పొగ రెండూ వద్దు. 2005లో మొదలైన 108 అంబులెన్సు ఇప్పుడు పల్లెపల్లెకూ వస్తుంది. కానీ ఫోన్లో సిగ్నల్ లేకపోతే ఎలా? అందుకే పేర్లు, బ్లడ్ గ్రూపులు, బండి నంబరు, తిరిగొచ్చే వేళ రాసిన చీటీ ఒకటి ఇంటిదగ్గర ఇచ్చి వెళ్లాలి. చెప్పిన వేళకు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అందులోనే రాయాలి.

వెనక్కి తిరిగే వేళ

బయల్దేరే ముందే ఒక గంట అనుకోండి. ఉదాహరణకు పన్నెండు. శిఖరం కళ్లముందే ఉన్నా పన్నెండయిందంటే వెనక్కే. ఎవరైనా నడవలేకపోయినా అంతే. వాళ్లను చెట్టుకింద కూర్చోబెట్టి మిగతావాళ్లు పైకి వెళ్లడం జట్టు లక్షణం కాదు. ఆరొందల ఏళ్లకు పైగా నిలబడ్డ రాచకొండ వచ్చే ఆదివారానికి ఎక్కడికీ పోదు.

కిందికి దిగాక బండెక్కే ముందు మరొక్కసారి తలలు లెక్కపెట్టండి. పొద్దున ఎంతమందో సాయంత్రం అంతమంది. ఎంత ఎత్తు ఎక్కామన్నది ఆ తర్వాతి ముచ్చట!