నీటి గొట్టములు – తుప్పు

నీరును ప్రాణవాయువును కలిసి సోకినచోట ఇనుము తుప్పు పట్టును. గొట్టపు లోపలి గోడపై పేరిన పొర చెదరకున్నంతకాలము నీరు తేటగా నుండును. నీటి గుణము మారి ఆ పొర ఊడినచో లోహము నీటిలో కలియును.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రమందలి ఫ్లింట్ నగరమున ఇట్లే జరిగినది. 2014లో పొదుపునకై అచ్చట నదీజలమును వాడజొచ్చిరి. మునుపటి నీటిలో నుండి గొట్టములను కాపాడిన ఫాస్ఫేటును మాత్రము కలుపరైరి. ఇనుప గొట్టములనుండి తుప్పును, సీసపు గొట్టములనుండి సీసమును నీటిలో చేరెను. తుప్పురంగు అందరికిని కనబడినది; సీసము కనబడలేదు. పిల్లల రక్తములో అది హెచ్చినట్లు 2015లో వైద్యులు తెలిపిరి. ఆ అక్టోబరులో పూర్వపు నీటినే మరల తెచ్చుకొనిరి.

కావున నీరు తేటగా నున్నంత మాత్రమున లోహము లేదని తలంపరాదు. ఇత్తడి కుళాయిలలోను తఱచుగా కొంత సీసముండును. కాచినచో సీసము పోదు. నీరు ఇగిరినకొలది దాని పాలు హెచ్చును. రాత్రియంతయు గొట్టములో నిలిచిన నీటిని ఇల్లు కడుగుటకు వాడి, పిదప వచ్చు నీటినే త్రాగుటకు పట్టుకొనవలెను. జింకు పూసిన ఇనుప గొట్టమునకు రాగి గొట్టమును సూటిగా అతుకరాదు. అతికినచో ముందు జింకు, పిదప ఇనుము క్షయించును.