మంచాన పడిన పేదకు ఇంటి ముంగిటే వైద్యం
కేరళ చూపిన దారి కోల్‌కతా బస్తీలకు చేరేనా?

కోల్‌కతా: జబ్బు ఇక నయమయ్యేది కాదని తేలిన తరువాత పెద్దాసుపత్రి రోగిని ఇంటికి పంపివేస్తుంది. ఆ ఇల్లు తిల్జలాలోనో, రాజాబజారులోనో ఒంటిగది ఇల్లయితే అసలు కష్టాలు అక్కడే ఆరంభమవుతాయి. కుళాయి, మరుగుదొడ్డి ఇరుగుపొరుగు వారందరికీ ఉమ్మడి. రోగిని కనిపెట్టుకుని ఉండేవారికి ఆనాటి కూలి దక్కదు. రెక్కాడితేగాని డొక్కాడని సంసారంలో ఒకరు మంచం పడితే ఇద్దరి సంపాదన ఆగిపోయినట్లే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ మహానగరంలో ఇంచుమించు మూడో వంతు ప్రజలు మురికివాడల వాసులే.

మరణాసన్నులకు సేవ చేయడం ఈ నగరానికి కొత్త కాదు. కాళీఘాట్‌లో మదర్ థెరిసా 'నిర్మల్ హృదయ్'ని నెలకొల్పింది 1952లో. బ్రిటిష్ వైద్యుడు జాక్ ప్రెగర్ దశాబ్దాల పాటు ఇక్కడి పేదలకు వైద్యం చేశారు. కాలిబాటే ఆయన తొలి ఆసుపత్రి. అయితే నిర్మల్ హృదయ్ ప్రధానంగా వీధిన పడిన అనాథలకు ఆశ్రయం. ఇల్లూ, అయినవారూ ఉండి కూడా నొప్పితో తల్లడిల్లే రోగి అవసరం వేరు. అతనికి కావలసింది ఆశ్రయం కాదు, గడప తొక్కే నర్సు.

ఈ అవసరానికి కేరళ ఒక మార్గం చూపింది. 1993లో కోజికోడ్ వైద్య కళాశాలలో చిన్న క్లినిక్‌గా మొదలైన ఉపశమన వైద్యం, ఆ దశాబ్దం చివరికి మలప్పురం జిల్లాలో ప్రజా ఉద్యమ రూపం దాల్చింది. శిక్షణ పొందిన పొరుగువారే రోగులను గుర్తిస్తారు. నర్సు ఇంటికి వచ్చి పడక పుండ్లకు కట్టు కట్టి, ఆ పనిని కుటుంబీకులకు నేర్పుతుంది. అవసరమైతేనే డాక్టరు వస్తారు. బియ్యం, మందులు, పిల్లల చదువు ఖర్చులను స్థానికులు చందాలతో సమకూరుస్తారు. 2008లో రాష్ట్ర ప్రభుత్వం దీనిని అధికారిక విధానంగా స్వీకరించింది.

సేవాభావం ఒక్కటే నొప్పిని తగ్గించజాలదు. క్యాన్సర్ ముదిరిన వారి తీవ్రమైన బాధకు మార్ఫిన్ మాత్రలే ప్రధాన ఔషధం. చట్టబద్ధంగా నల్లమందు పండించే కొద్ది దేశాలలో మనది ఒకటి. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద పలు లైసెన్సుల బెడద కారణంగా ఆ మాత్ర మన రోగులకే అందలేదు. 2014లో చట్టాన్ని సవరించి నిబంధనలను సడలించారు. ప్రపంచవ్యాప్తంగా ఉపశమన వైద్యం అవసరమైన వారిలో అది అందుతున్నది సుమారు 14 శాతానికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రితో కలసి పనిచేసే స్వచ్ఛంద సంస్థ రోగుల ఇళ్లకు వాహనాలలో నర్సులను పంపుతున్నది. కోల్‌కతాకూ అది అసాధ్యం కాదు. నగరపాలక సంస్థకు 144 వార్డులున్నాయి. పోలియో చుక్కలకు, డెంగీ నివారణకు సిబ్బంది ఇంటింటికీ తిరుగుతూనే ఉన్నారు. మంచాన పడినవారి జాబితా తయారుచేసే బాధ్యతను వారికే అప్పగించవచ్చు.

బస్తీలో పొరుగువారి ఆదరణకు కొరత లేదు. రోగికి గంజి కాచి ఇచ్చేదీ, అర్ధరాత్రి రిక్షా పిలిచేదీ వారే. వారు ఇవ్వలేనివి రెండే: నర్సు, మార్ఫిన్. ఆ రెండింటినీ సమకూర్చవలసింది ప్రభుత్వమే.