రాయని బ్రేక్‌కి రాయాల్సిన కామెంట్

మద్దికెర నుంచి గుంతకల్లు వెళ్లే రైలు, జంక్షన్‌లో పాయింట్లు ఎటు తిప్పి ఉంటే అటే పోతుంది. ప్రోగ్రామ్‌లో స్విచ్ చేసే పనీ అదే: వచ్చిన విలువను చూసి తగిన ‘కేస్’లోకి పంపుతుంది. కాకపోతే సీ భాషలో ఒక మెలిక ఉంది. కేస్ చివర ‘బ్రేక్’ అని రాయకపోతే ప్రోగ్రామ్ అక్కడ ఆగదు, కింది కేస్‌లోకి జారిపోతుంది. ఆదోని మార్కెట్ యార్డుకు ఎవరో లెక్కల ప్రోగ్రామ్ రాస్తున్నారనుకోండి. పత్తి, వేరుశనగ, ఆముదం మూడూ మూడు కేసులు. పత్తి కింద బ్రేక్ మరిచిపోతే, పత్తి రైతు చీటీలో పడ్డ రేటు మీద వేరుశనగ రేటు వచ్చి కూర్చుంటుంది. అలా కాక, పత్తికి తరుగు తీసేశాక మిగతా లెక్క వేరుశనగతో సమానమే కదా అని కావాలనే బ్రేక్ వదిలేసి ఉండొచ్చు కూడా. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మరిచిపోయారా, వదిలేశారా అన్నది కోడ్ చెప్పదు. కోడ్ పక్కన మనుషుల కోసం రాసే కామెంట్ అవసరం అన్నిటికంటే ఎక్కువ ఉన్నది అక్కడే అని నా వాదన.

మంచి కోడ్‌కి కామెంట్లు అక్కర్లేదు, పేర్లు సరిగ్గా పెడితే చాలు అనేవాళ్లు చాలామంది ఉన్నారు. చాలావరకు వాళ్లన్నది నిజమే. ‘ఇది పత్తి కేస్’ అని పత్తి కేస్ పక్కన రాయడం దండగ. కానీ పేరు పెట్టాలంటే ముందు అక్కడ ఏదో ఒకటి ఉండాలి. లేని బ్రేక్‌కి ఏ పేరు పెడతాం? ఉన్న బ్రేకే ముంచిన సందర్భమూ లేకపోలేదు. 1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ దూరవాణి వ్యవస్థలో 114 ఎక్స్ఛేంజీలు ఒకదాన్నొకటి పడగొట్టుకుంటూ సుమారు 9 గంటలు అల్లాడాయి. కారణం: కోడ్‌లోని ఒక స్విచ్ లోపల ‘ఇఫ్’ అనే షరతు, ఆ ఇఫ్‌లో ఒక బ్రేక్. అది ఇఫ్‌తో ఆగకుండా మొత్తం స్విచ్ నుంచే బయటపడేసింది. సీ భాష పుట్టిన బెల్ ల్యాబ్స్ కూడా అప్పట్లో ఆ సంస్థదే! ఆ బ్రేక్ దేన్నుంచి బయటికి తీసుకెళ్లాలో పక్కనే రాసి ఉంటే తప్పు జరిగేది కాదని చెప్పలేం గానీ, కోడ్ సరిచూసేవాళ్లకు ఉద్దేశానికీ కోడ్‌కీ పొంతన లేదని పట్టుకునే వీలుండేది.

కామెంట్ పాతబడిపోతుంది, కోడ్ మారినా అది మారదు అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. దీనికి లినక్స్ కెర్నెల్ వాళ్లు వెతుక్కున్న దారి నాకు నచ్చింది. 2017లో వచ్చిన జీసీసీ 7 కంపైలర్, అడిగితే, బ్రేక్ లేని కేసుల మీద హెచ్చరిస్తుంది. ‘ఫాల్ త్రూ’ అన్న కామెంట్ కనిపిస్తే ఊరుకుంటుంది. మనుషుల కోసం రాసిన మాటను యంత్రమూ చదవడం మొదలుపెట్టిందన్నమాట. కెర్నెల్ వాళ్లు ఆ హెచ్చరికల వెంటపడి కోడంతా వెతికితే, నిజంగానే బ్రేక్ మరిచిన చోట్లు బయటపడ్డాయి. 2020లో వాళ్లు ఆ కామెంట్లను ఏకంగా కోడ్‌లోనే ‘ఫాల్‌త్రూ’ అన్న మాటగా మార్చేశారు. గో భాషలోనైతే మొదటినుంచీ జారుడే లేదు, కావాలంటే అడగాలి.

అంతమాత్రాన కామెంట్ పని అయిపోలేదు. ‘ఫాల్‌త్రూ’ అన్న మాట, జారడం కావాలనే జరిగిందని చెబుతుంది, ఎందుకన్నది చెప్పదు. పత్తికి తరుగు ఏ నిబంధన ప్రకారం తీశారో, అది మారితే ఏ కేస్ చూడాలో మనిషే రాయాలి. ఏ కేస్‌కీ సరిపోని విలువ వెళ్లే ‘డీఫాల్ట్’ దగ్గర కూడా అంతే. మూడు పంటలూ కానిది వస్తే దాన్ని తప్పుగా పట్టాలా, వదిలేయాలా అన్నది యార్డు నిర్ణయం. ఖాళీగా ఉన్న డీఫాల్ట్‌ను చూస్తే ఆ నిర్ణయం జరిగిందో లేదో కూడా తెలియదు.